ఒక్క గోలు చాలు

ఒక్క గోలు తేడాతో గెలవడమంటే గెలుపు సగం, గుండెదడ సగం. 2024 అక్టోబరు 2న మన బర్మింగ్‌హామ్ విల్లా పార్కులో ఆస్టన్ విల్లా 1-0తో బయెర్న్ మ్యూనిక్‌ను ఓడించిన రాత్రి, డాక్టర్లమైన మేమే మా నాడి పట్టుకొని చూసుకోవలసి వచ్చింది!

యూరోపియన్ కప్పు పోటీ ఆ మైదానానికి రావడం 1983 తరువాత అదే మొదలు. తొలి సగంలో పావ్ టోరెస్ వేసిన గోలును ఆఫ్‌సైడని కొట్టేశారు. 79వ నిమిషంలో గోలీ నోయర్ ముందుకొచ్చి నిలవడం కనిపెట్టి, డురాన్ దూరం నుంచే అతని తలమీదుగా బంతిని వలలో వేశాడు. చివర్లో గ్నాబ్రీ, కేన్ కొట్టినవాటిని మార్టినెజ్ ఆపాడు.

1982 మే 26న రోటర్‌డామ్ ఫైనల్లోనూ ఇవే జట్లు, ఇదే స్కోరు. గోలు పీటర్ విత్‌ది. తొమ్మిదో నిమిషంలో గోలీ రిమ్మర్ తప్పుకుంటే, క్లబ్బుకు అంతవరకు ఒక్క మ్యాచే ఆడిన స్పింక్ గోలు కాశాడు. వార్డులో పెద్దవాళ్లు ఈ కథ చెబుతుంటే ఇన్నాళ్లూ వినడమే మా వంతు. ఇప్పుడు చెప్పడానికి మాకూ ఒకటి దొరికింది.

మీదే ఊరంటే నేటికీ గుంటూరనే అంటాం. మీదే జట్టంటే మాత్రం తడుముకోము.