మీకు తెలుసా? ఖాకీ తొడిగితే పోలీసేనా!

గుడివాడలో బ్యాంకు గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాయన, బందరులో ఏటీఎం కాసే కుర్రాడు, దివిసీమలో రొయ్యల చెరువు గట్టున టార్చిలైటు తిప్పే ముసలాయన... ముగ్గురిదీ కాపలా పనే. చట్టం మాత్రం ముగ్గురినీ ఒకేలా చూడదు. ముందు, పోలీసు కాకుండానే పోలీసు అధికారాలు పొందేవాళ్ల సంగతి చూద్దాం.

● స్పెషల్ పోలీసుకు శిక్షణ అక్కర్లేదా? 1861 పోలీసు చట్టం 17వ సెక్షన్‌లో ఆ ఊసే లేదు. అల్లర్లు రేగేలా ఉండి, ఉన్న బలగం చాలకపోతే ఇన్‌స్పెక్టరు, లేదా ఆ పైఅధికారి మేజిస్ట్రేటును అడిగి, చుట్టుపక్కల కాపురముండేవాళ్లనే నియమింపజేయవచ్చు. అధికారాలు మామూలు పోలీసువే. సరైన కారణం లేకుండా రానంటే 50 రూపాయల దాకా జరిమానా! మన కోస్తా అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీ కాబట్టి ఇక్కడి పోలీసు వ్యవస్థకు పునాది అంతకు రెండేళ్ల ముందు, 1859లో వచ్చిన మరో చట్టం.

● స్పెషల్ పోలీసు దారికి సుప్రీంకోర్టు అడ్డుకట్ట వేసింది. ఛత్తీస్‌గఢ్‌లో ఐదో తరగతి చదివినవారికి ప్రాధాన్యమిస్తూ గిరిజన యువకులను స్పెషల్ పోలీసులుగా తీసుకుని, రెండు నెలల శిక్షణతో, నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనంతో మావోయిస్టుల మీదికి పంపారు. 2011 జులై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ ధర్మాసనం అది రాజ్యాంగ విరుద్ధమంది. విపత్తుల్లో జనానికి సాయపడటం, రాకపోకలను క్రమబద్ధం చేయడం లాంటి పనులకైతే సరేనంది. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన దివిసీమకు అందులో మొదటి పని ఎంత బరువైనదో వేరే చెప్పాలా?

● ఏజెన్సీ పంపే గార్డుకు 160 గంటల చదువు. 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం ప్రకారం వయసు 18 నిండాలి, 65 దాటకూడదు. నడవడిక మంచిదని తేలాలి. 2006 కేంద్ర నమూనా నియమాలు తరగతి గదిలో 100 గంటలు, బయట 60 గంటలు శిక్షణ ఇవ్వమన్నాయి. మాజీ సైనికులకు, మాజీ పోలీసులకు వరుసగా 40, 16 గంటలు చాలు. మగవారు 160 సెంటీమీటర్లు, ఆడవారు 150 సెంటీమీటర్ల ఎత్తుండాలి. కిలోమీటరు ఆరు నిమిషాల్లో పరుగెత్తాలి. మంటలార్పడం, ప్రథమ చికిత్సే కాదు, పోలీసు అధికారి భుజం మీది గుర్తులు చూసి హోదా చెప్పగలగడమూ పాఠమే.

● పోలీసు డ్రెస్సు వేస్తే జైలే. గార్డు పోలీసు యూనిఫాంగానీ, దాన్ని పోలిన దుస్తులుగానీ వేస్తే ఏడాది దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వేసుకున్నవాడికే కాదు, ఏజెన్సీ యజమానికీ!

● దొంగను పట్టుకోవచ్చా? మీరైనా పట్టుకోవచ్చు. కళ్లముందే బెయిలుకు వీల్లేని, పోలీసులు నేరుగా కేసు కట్టదగ్గ నేరం జరగాలి. పట్టుకున్నాక ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత పెట్టిన గడువిది.

మరి చెరువు గట్టు మీది ముసలాయన? ఆయన్ను రైతే నేరుగా పెట్టుకున్నాడు, ఏజెన్సీ పంపలేదు. కాబట్టి 160 గంటల లెక్క ఆయన దాకా రాదు. చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్ల హోరులో హాయిగా కునుకు తీస్తాడు. ఆ హోరు ఆగిందో, దిగ్గున లేచి కూర్చుంటాడు. ఆ పాఠం ఏ సిలబస్‌లోనూ లేదు.