వేలెడంత సెల్లు... జేబులో వేసుకునే ముందు

2009 జనవరి నుంచి 2016 చివరి దాకా అమెరికాలో ఈ-సిగరెట్లు పేలిన, అంటుకున్న ఘటనలను అక్కడి ప్రభుత్వ అగ్నిమాపక విభాగం గుదిగుచ్చింది. లెక్క 195కి తేలింది. 133 ఘటనల్లో మనుషులు గాయపడ్డారు. వాటిలో 38 తీవ్రమైనవి. నోట్లో పెట్టుకుని పీలుస్తుంటేనే పేలాయనుకుంటాం కదా? అలా పేలినవెన్నో, ఎవరి జోలికీ పోకుండా జేబులో కూర్చుని పేలినవీ దాదాపు అన్నే. ఛార్జింగ్‌లో ఉండగా పేలినవి వాటి తర్వాతి స్థానం.

◆

జేబులో ఊరికే ఉన్నదానికి ఏం పుట్టింది? చిన్నప్పుడు సైన్సు పుస్తకంలో బ్యాటరీకి బొడిపె ఉన్న వైపు ధన ధ్రువం, చదునుగా ఉన్న అడుగు రుణ ధ్రువం అని చదువుకున్నాం. ఈ-సిగరెట్లలో వాడే గొట్టం లాంటి లిథియం అయాన్ సెల్లుకు అడుగొక్కటే కాదు, పక్కలు కూడా రుణమే. అప్పులవాడి మాదిరి ఒళ్లంతా రుణం! దాన్ని కప్పి ఉంచేది కాగితమంత పలచని ప్లాస్టిక్ తొడుగు మాత్రమే. పై కొనలో ధన ధ్రువానికీ, దాని చుట్టూ ఉన్న రుణపు అంచుకూ మధ్య దూరం ఒకటి రెండు మిల్లీమీటర్లు. తొడుగు చిరిగిన సెల్లు పక్కన ఒక తాళంచెవో, రెండు రూపాయి బిళ్లలో చేరితే చాలు, వలయం పూర్తవుతుంది. లోపలున్న కరెంటంతా ఒక్కసారిగా వేడిగా మారుతుంది. విడి సెల్లును విడిగా ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకోవాలని చెప్పేది ఇందుకే. డబ్బా ఖరీదు పెద్దగా ఏమీ ఉండదు. అయినా కొనడానికి మనసు రాదు.

◆

ఆ సెల్లు పేరు 18650. అదేదో మోడల్ నంబరనుకుంటాం గానీ, అది దాని కొలత. అడ్డం 18 మిల్లీమీటర్లు, పొడవు 65, చివరి సున్నా గుండ్రని గొట్టమని చెప్పడానికి. దాని పెద్దన్న 21700. కొలత ఎంతో ఇక మీరే చెప్పేయగలరు.

పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ విప్పితే లోపల ఉండేవి చాలావరకు ఇవే. మంచి టార్చిలైట్లలో ఇవే. 2008లో టెస్లా కంపెనీ తొలి కారు రోడ్‌స్టర్ రోడ్డెక్కినప్పుడు దాని వెనక భాగంలో ఉన్నవీ ఇవే, 6,831 సెల్లులు! కారులో వాటిని కాపలా కాయడానికి సెన్సర్లు, చల్లబరిచే ద్రవం, ఒక చిన్న కంప్యూటరు. అదే సెల్లు ఒంటరిగా ప్యాంటు జేబులోకి వస్తే కాపలా కాసేది మన జాగ్రత్తే. 2021 జనవరిలో అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్ విడి 18650 సెల్లులు కొనొద్దు, వాడొద్దు అని సూటిగా చెప్పింది. అవి కర్మాగారాల్లో పెద్ద ప్యాకుల కోసం తయారయ్యేవే తప్ప, చిల్లరగా అమ్మడానికి కాదట.

◆

హెర్బర్ట్ గిల్బర్ట్ అనే అమెరికన్ 1963లోనే పొగ లేని సిగరెట్‌కు పేటెంటు అడిగాడు. 1965లో వచ్చింది. సరుకు మాత్రం బజారుకు రాలేదు. మళ్లీ నలభై ఏళ్లకు, 2003లో, చైనాలో హాన్ లిక్ అనే ఫార్మసిస్టు ఇప్పటి ఈ-సిగరెట్‌కు ప్రాణం పోశాడు. ఈ మధ్యలోనే, 1991లో, సోనీ కంపెనీ లిథియం అయాన్ బ్యాటరీని అమ్మకానికి తెచ్చింది.

మన దేశంలో 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సుతో ఈ-సిగరెట్లను నిషేధించారు. ఆ తర్వాత అదే చట్టమైంది. తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన అన్నీ నేరమే. మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. తమాషా ఏమిటంటే, ఆర్డినెన్సు వచ్చిన మూడు వారాలకే లిథియం అయాన్ బ్యాటరీ సృష్టికర్తలు గుడెనఫ్, విటింగమ్, యోషినోలకు నోబెల్ ప్రకటించారు. అప్పటికి గుడెనఫ్ వయసు 97. అంత పెద్ద వయసులో నోబెల్ అందుకున్నవారు అంతకుముందు లేరు.

ఆ ముగ్గురిలో జపాన్ వాడైన యోషినో బ్యాటరీకి పెట్టిన పరీక్ష చూడండి. దాని మీద బరువైన ఇనుప దిమ్మెను పడేశారు. లోహపు లిథియం వాడిన బ్యాటరీ భగ్గున పేలింది. తను తయారుచేసినది నలిగింది గానీ పేలలేదు. లిథియం అయాన్ బ్యాటరీ పుట్టిన క్షణం అదేనని ఆయన తర్వాత చెప్పుకున్నారు.

◆

ఛార్జింగ్ సంగతి కొళాయి కింద బిందె పెట్టినట్టే. మొదట ధార పూర్తిగా వదులుతాం, మెడ దాకా నిండగానే సన్నగా తిప్పుతాం. సరైన ఛార్జరు చేసేదీ ఇదే. సెల్లు 4.2 వోల్టులకు చేరేదాకా నిలకడగా కరెంటు పంపి, అక్కడి నుంచి వోల్టేజీ పెంచకుండా కరెంటును తగ్గించుకుంటూ వస్తుంది. ఫోను ఛార్జరు, టాబ్లెట్ ఛార్జరు తెచ్చి ఈ-సిగరెట్‌కు తగిలించొద్దని అమెరికా ఆహార, ఔషధ సంస్థ చెప్పింది కూడా అందుకే. ప్లగ్గు పట్టినంత మాత్రాన పొత్తు కుదిరినట్టు కాదు.

రాత్రంతా ఛార్జింగ్‌లో వదిలేయొద్దనీ, దిండు మీద, సోఫా మీద పెట్టొద్దనీ కూడా ఆ సంస్థే అంటుంది. దిండు వేడిని బయటికి పోనివ్వదు, పైగా నిప్పు పుడితే తొలి మేత అదే. ఇది ఈ-సిగరెట్లు పీల్చే వేపర్ల గొడవ, మనకెందుకు అనుకోవడానికి లేదు. 2022 ఏప్రిల్‌లో కొద్ది రోజుల తేడాలో నిజామాబాద్‌లోనూ విజయవాడలోనూ ఇంట్లో ఛార్జింగ్‌కు పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. స్కూటర్ బ్యాటరీ అంటే ఇలాంటి సెల్లులు ఎన్నో కలిపి కట్టిన మోపు.

◆

‘పూర్తిగా దిగనిచ్చి ఛార్జ్ పెట్టాలి’ అనే సలహా నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం నాటిది. సగంలోనే ఛార్జ్ పెడితే వాటికి ఆ సగమే గుర్తుండిపోయేది. లిథియం సెల్లుకు అలాంటి జ్ఞాపకాలేవీ లేవు. పైగా రెండున్నర వోల్టుల కిందికి దిగజార్చితే పాడవుతుంది. నెలల తరబడి పక్కన పెట్టాలంటే సగం ఛార్జితో, చల్లని చోట ఉంచితే ఎక్కువ కాలం మన్నుతుంది. రెంటచింతల ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు దానికి తగిన చోటు కాదు. అటు షికాగో చలికాలమూ కాదు! సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేస్తే లిథియం లోపలికి ఇంకకుండా లోహపు పూతలా పేరుకుంటుంది, షార్ట్ సర్క్యూట్‌కు దారి తీస్తుంది. రాత్రంతా మంచులో ఉన్న కారులోంచి తెచ్చిన పవర్ బ్యాంకును ముందు గది వేడికి రానివ్వండి, తర్వాతే ప్లగ్గు.

◆

రెండు సెల్లుల పరికరం వాడే వేపర్లు ఆ జంటను ‘పెళ్లయిన బ్యాటరీలు’ అంటారు. ఒకే కంపెనీవి, ఒకే రోజు కొన్నవి, కలిసే ఛార్జవ్వాలి, కలిసే దిగాలి. ఒకటి పోతే రెండోదానికి కొత్త జోడీ తేకూడదు. బలమైనదీ బలహీనమైనదీ ఒకే బండికి కట్టిన ఎడ్లలా అయిపోయి, బలహీనమైనది మితిమీరి దిగజారుతుంది. పాతకాలపు సంసారాల కంటే కట్టుబాటు ఎక్కువ.

◆

ఈ-సిగరెట్‌లో వేడెక్కే 0.2 ఓంల తీగచుట్ట, నిండుగా ఛార్జైన 4.2 వోల్టుల సెల్లు. భాగించండి, 21 ఆంపియర్లు. మన ఇళ్లలో గీజరు ప్లగ్గు 16 ఆంపియర్లది! వోల్టేజీ చాలా తక్కువ కాబట్టి షాక్ కొట్టదు. కానీ ఆ ప్రవాహాన్ని మోయలేని సెల్లు లోలోపల కాగిపోతుంది. ఏ రక్షణ సర్క్యూటూ లేని ‘మెకానికల్ మాడ్’ పరికరాల్లో ఈ లెక్క వాడేవాడే వేసుకోవాలి. పదో తరగతి ఓం నియమం ఎందుకూ పనికిరాదన్నవాడెవడో!

◆

తొడుగు మీద ‘9900 ఎంఏహెచ్’ అని ఉందా? అబద్ధం. 18650లో మేటి సెల్లులు కూడా అందులో సగానికి చేరవు. తూకం వేసినా కొంత తెలుస్తుంది, అసలుది యాభై గ్రాములకు కాస్త తక్కువ. నకిలీవి చాలాసార్లు మరీ తేలిక.

అసలైన సెల్లులకు మన తిరుపతి చిరునామా కూడా ఉంది. 2022 సెప్టెంబరులో అక్కడ ప్రయోగాత్మకంగా ఉత్పత్తి మొదలుపెట్టిన లిథియం సెల్లుల కర్మాగారం రోజుకు 20,000 సెల్లులు చేయగలదని అప్పట్లో ప్రకటించారు. ముఖ్యంగా పవర్ బ్యాంకుల కోసం.

◆

విమానంలో ఈ-సిగరెట్‌నూ, విడి సెల్లునూ చెక్-ఇన్ లగేజీలో వేయనివ్వరు. క్యాబిన్లో తీసుకెళ్లనిచ్చే దేశాల్లోనూ అక్కడ ఛార్జ్ చేయనివ్వరు. మంట పుడితే కళ్లెదుట పుట్టాలి, సరుకుల అరలో కాదన్నది లెక్క. మన దేశంలోనైతే ఈ-సిగరెట్‌కు రెండు చోట్లా ప్రవేశం లేదు. సింగపూర్‌కూ థాయ్‌లాండ్‌కూ తీసుకెళ్లడమూ నేరమే. ప్రత్యేక అనుమతి అక్కర్లేని పవర్ బ్యాంకుకు హద్దు 100 వాట్-అవర్లు. 20,000 ఎంఏహెచ్‌ను 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే 74, ఇబ్బంది లేదు.

క్యాబిన్లో సెల్లు అంటుకుంటే సిబ్బంది చేసేది మనం ఊహించనిది: ఎడాపెడా నీళ్లు పోస్తారు. ఐసు మాత్రం పెట్టరు, అది వేడిని లోపలే కప్పేస్తుంది. మంట ఆరినా సెల్లులోని వేడి పక్క సెల్లును రాజేస్తుంది కాబట్టి చల్లబరచడమే ముఖ్యం. ఇంట్లో గోడ ప్లగ్గుకు తగిలించి ఉంటే ముందు మెయిన్ ఆపాలి, తర్వాతే నీళ్లు.

◆

బ్రిటన్‌లో ఒకసారి వాడి పారేసే వేప్‌ల బ్యాటరీలను యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు విప్పి పరీక్షించారు. అవి వందల సార్లు ఛార్జ్ చేసుకోగలవని తేలింది. ఛార్జింగ్ రంధ్రం పెట్టలేదంతే. వాటి అమ్మకాన్ని ఆ దేశం 2025 జూన్ 1 నుంచి ఆపేసింది. చెత్తబుట్టలో పడ్డవి చెత్త లారీలో నలిగి అంటుకుంటాయి. వాడేసిన సెల్లును ఈ-వ్యర్థాల కేంద్రానికి ఇచ్చేముందు ధ్రువాల మీద ఒక టేపు ముక్క అంటించండి. చచ్చిందనుకున్న సెల్లులో కూడా ఒక నిప్పురవ్వకు సరిపడా కరెంటు మిగిలే ఉంటుంది.