మడమ ఎముక విరుగుట

మడమ ఎముక పాదములోని ఎముకలన్నిటిలోకి పెద్దది. వైద్య పరిభాషలో దీనిని కాల్కేనియస్ అంటారు. పైన పలుచని పెంకు, లోపల జల్లెడ వంటి మెత్తని ఎముక ఉండుట వలన, ఎత్తు నుండి మడమలపై పడినప్పుడు ఇది కోడిగ్రుడ్డు వలె నలిగి, ఎత్తు తగ్గి, వెడల్పు పెరుగుతుంది. తాటిచెట్టు నుండి జారిన గీత కార్మికులు, కట్టడముల పైనుండి పడిన పనివారు, వాహన ప్రమాదములకు గురైనవారు దీని బారిన పడుతుంటారు.

నిర్ధారణ

ప్రక్కనుండి తీసిన ఎక్స్‌రేలో బోలర్ కోణమును కొలుస్తారు. ఆస్ట్రియా శస్త్రవైద్యుడు లోరెంజ్ బోలర్ పేర పిలువబడే ఈ కోణము సాధారణముగా 20 నుండి 40 డిగ్రీలు ఉంటుంది; ఎముక కుంగితే తగ్గుతుంది. కీలు ఎంతవరకు చెడినదో సీటీ స్కాన్‌లో తెలుస్తుంది. పడిన తాకిడి వెన్ను వరకు పోతుంది కనుక సుమారు పదిమందిలో ఒకరికి నడుము పూస కూడా విరిగి ఉంటుంది. మడమ బాధలో రోగి దానిని గుర్తించకపోవచ్చు. నడుమును, రెండవ మడమను కూడా పరీక్షించాలి.

వాపు, చర్మము

తొలి రోజులలో ఎముక కంటె చర్మమును గురించియే ఎక్కువ జాగ్రత్త అవసరము. మడమ ప్రక్కలను కప్పిన చర్మము పలుచన, దాని క్రింద కండ లేదు. వాపుతో బొబ్బలు లేస్తాయి. పాదములోని కండరముల అరలలో ఒత్తిడి పెరిగి రక్తప్రసరణ ఆగితే, మందులకు లొంగని నొప్పి వస్తుంది. వ్రేళ్ళను కదిలిస్తే అది ఇంకను ఎక్కువవుతుంది. దీనికి కొద్ది గంటలలోనే చికిత్స జరగాలి. లేనిచో వ్రేళ్ళు శాశ్వతముగా కొంకర్లు పోవచ్చు. ఎముక విరిగినదనగానే బద్దలు పెట్టి బిగించి కట్టించుకొను అలవాటు మన పల్లెలలో ఉన్నది. వాచిన మడమకు అది మిక్కిలి ప్రమాదకరము. దూది పొరలతో వదులుగా కట్టి, కాలిని దిండ్లపై ఎత్తుగా ఉంచి, వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

చర్మముపై ముడతలు మరల కనబడిన తరువాతనే సాధారణముగా శస్త్రచికిత్స చేస్తారు. అందుకు ఒకటి రెండు వారములు పట్టవచ్చు. విరిగిన ముక్క పైకి లేచి మడమ వెనుక చర్మమును లోపలినుండి నొక్కుతుంటే మాత్రము ఆగరాదు. ఆలస్యమైతే ఆ చర్మము కుళ్ళిపోతుంది.

చికిత్స

ముక్కలు కదలనిచో శస్త్రచికిత్స అవసరముండదు. కదిలిన వాటి విషయములో వైద్యులకు నేటికీ ఏకాభిప్రాయము లేదు. బ్రిటన్‌లో 151 మంది రోగులపై జరిపి 2014లో ప్రకటించిన పరిశోధనలో, రెండేళ్ళ తరువాత నొప్పి, నడక విషయములో రెండు పద్ధతులకు తేడా కనబడలేదు. పైగా శస్త్రచికిత్స పొందినవారిలో చిక్కులు ఎక్కువ. అయితే మడమ బాగా వికృతమైనవారిని అందులో చేర్చలేదు. బీడీ, సిగరెట్టు త్రాగేవారికి, మధుమేహ రోగులకు గాయము మానక చీము పట్టే అవకాశము హెచ్చు. నేడు కొందరికి చిన్న కోతతోనే ఈ చికిత్స చేస్తున్నారు. ఏ పద్ధతియైనను 6 నుండి 12 వారముల వరకు ఆ కాలిపై బరువు మోపరాదు.

తరువాతి చిక్కులు

మడమ ఎముకకు, దానిపైనున్న ఎముకకు మధ్య కీలు అరిగిపోవుట ముఖ్యమైనది. చదునైన నేలపై నడవగలిగినవారు కూడా పొలముగట్లపై నడవలేరు. తగిన బూట్లు, మందులు పనిచేయనప్పుడు ఆ రెండు ఎముకలను కలిపి అతికిస్తారు. నొప్పి తగ్గుతుంది గాని పాదము ప్రక్కలకు వాలే గుణము పోతుంది. వెడల్పయిన మడమ బయటివైపు స్నాయువులను నొక్కుతుంటే, పెరిగిన ఎముకను చెక్కివేస్తారు.