జుర్రేరు లోయలో జాజుబొమ్మలు

బనగానపల్లె అనగానే పిల్లలకు మామిడిపండు జ్ఞాపకం వస్తుంది. పెద్దవాళ్ళకు నాపరాళ్ళూ, నవాబులూ జ్ఞాపకం వస్తారు. యాగంటి యాత్ర చేసి వచ్చినవాళ్ళు అక్కడి నందిని గురించి చెబుతారు. కాని ఆ ఊరికి దాపునే, జుర్రేరు అనే చిన్న ఏరు పారే లోయలో, వీటన్నిటికంటె ఎంతో పాతవైన ఇళ్ళున్నాయి. వాటికి గోడ కట్టినవాడు లేడు, కప్పు వేసినవాడూ లేడు. కొండచరియలో ముందుకు పొడుచుకు వచ్చిన బండ కింద ఎండావానా తగలని జాగా ఉంటే, అదే ఇల్లు! మన సీమలో గుహను గవి అంటారు. ఇవి గవులంత లోతుగా ఉండవు. ఇంటి ముందు పంచల్లాగా ఉంటాయి. అందుచేత వీటిని రాతి పంచలందాం.

ఈ లోయలో జ్వాలాపురం అని ఒక పల్లె ఉన్నది. జ్వాల అంటే మంట గదా! విచిత్రమేమంటే, ఆ ఊరి పొలాల కింద నిజంగానే బూడిద ఉన్నది. అది పొయ్యిలో బూడిద కాదు. సుమారు 74,000 సంవత్సరాల క్రిందట సుమత్రా దీవిలో టోబా అనే అగ్నిపర్వతం బద్దలైంది. ఆ బూడిద గాలిలో రెండున్నర వేల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేసి మన దేశం మీద రాలింది. తరవాత వాన నీళ్ళు దాన్ని పల్లానికి ఈడ్చుకు వచ్చాయి. జ్వాలాపురంలో కొన్నిచోట్ల అది రెండు మీటర్ల మందాన ఉన్నది. ధార్వాడకు చెందిన రవి కొరిశెట్టరు, ఇంగ్లండు నుంచి వచ్చిన మైకేల్ పెట్రాగ్లియా, వారి బృందం ఇక్కడ తవ్వి, బూడిద పొరకు కింద కూడా, పైన కూడా మనుషులు చేసిన రాతి పనిముట్లు ఉన్నట్టు 2007లో ప్రకటించారు. అంటే, బూడిద వాన కురవక ముందూ, కురిశాక కూడా ఈ లోయలో మనుషులు తిరిగారన్నమాట.

అక్కడే ఒక రాతి పంచలో తవ్వగా వేలిగోరంత చిన్న రాతి పలకలు, పూసలు, ఎముకతో చేసిన పనిముట్లు దొరికాయి. వాటిలో అడుగున ఉన్నవి దాదాపు 35,000 ఏళ్ళనాటివి. ఆ పంచలో కూచుని ఎవరో పూసలు గుచ్చుకున్నారు. అమ్మ గుచ్చిందో, పిల్ల గుచ్చిందో!

ఇక అసలు సంగతికి వద్దాం. ఈ లోయలో చాలా పంచల గోడల మీద ఎర్రరంగు బొమ్మలున్నాయి. మనుషులు, జంతువులు, ఏమిటో తెలియని గీతల కూర్పులు. సంక్రాంతికి అమ్మ అరుగుకు పూసే జాజు ఉన్నదే, అటువంటి ఎర్రరాయినే నూరి వేసినవి అవి. ఆ రంగు ఇన్ని వందల, వేల ఏళ్ళు ఎలా నిలిచింది? జాజులో ఉండేది ఇనుప తుప్పు. ఇనుము తుప్పు పడుతుందిగాని, తుప్పు మళ్ళీ తుప్పు పట్టదు గదా! అందుకే ఆకుపసరు వెలిసిపోయినట్టు అది వెలిసిపోదు. కాని రాయే పెచ్చులూడితే, పైన వాన నీటి చార పడి సున్నం పేరుకుంటే, మేకల మంద వచ్చి ఒళ్ళు రుద్దుకుంటే, బొమ్మ పోతుంది. అన్నిటికంటె తొందరగా పోగొట్టేవాడు, పక్కన బొగ్గుతో తన పేరు రాసుకునే మనిషి.

అందుకని ఈ బొమ్మలను ఫోటోలు తీసి దాచుకోవాలి. కాని ఆ పని చెప్పినంత సులువు కాదు. మధ్యాహ్నం వెళ్ళారో, పంచ బయట ఎండ కళ్ళు చెదరగొడుతూంటుంది, లోపల చీకటి. కెమేరాకు రెండూ ఒకేసారి అందవు. గోడ మీద సగం ఎండా సగం నీడా పడితే మరీ చెడ్డది. గోడంతా నీడలో ఉన్న వేళ చూసుకోవాలి. మబ్బు రోజైతే మరీ మంచిది. చీకటి మూలకు వెలుతురు కావాలంటే తెల్లటి గుడ్డను అడ్డంగా పట్టుకుంటే చాలు, దాని మీద పడిన వెలుతురు మెత్తగా గోడ మీదికి పోతుంది. ఎదురుగా ఫ్లాష్ వెలిగిస్తే రాయి మెరుస్తుందే తప్ప బొమ్మ కనబడదు. రాతిలో చెక్కిన గీతలైతే పద్ధతి వేరు: పక్కనుంచి ఏటవాలుగా వెలుతురు పడాలి, అప్పుడే గీతలో నీడ నిలుస్తుంది.

కొలతబద్ద, రంగుల పట్టీ బొమ్మ పక్కనే పెట్టి తీస్తారు. లేకపోతే అది జానెడు జింకో, బారెడు జింకో ఎవరికి తెలుస్తుంది?

పూర్వం కొందరు గోడ మీద నీళ్ళు చల్లి ఫోటో తీసేవారు. తడిస్తే రంగు కాసేపు నిగనిగలాడే మాట నిజమే. కాని ఆ నీరు ఆరుతూ ఉప్పును రాతి మీదికి తెస్తుంది. కొన్నేళ్ళకు బొమ్మ తెల్లటి తెరలో మునిగిపోతుంది. సుద్దముక్కతో గీతలు దిద్దటం కూడా ఇటువంటి అపకారమే. ఇప్పుడా అవసరమే లేదు. జాన్ హార్మన్ అనే అమెరికను గణితవేత్త 2005లో డీస్ట్రెచ్ అనే ఉపాయం తయారుచేశాడు. ఉపగ్రహాలు తీసిన ఫోటోలలో రాళ్ళ తేడాలు కనిపెట్టటానికి వాడే లెక్కనే ఆయన గోడబొమ్మలకు వాడాడు. మన కంటికి ఒకటిగా తోచే రెండు ఎరుపుల మధ్య ఉన్న చిన్న తేడాను అది పెద్దది చేసి చూపుతుంది. ఉత్త బండ అనుకున్న చోట మనిషి చెయ్యెత్తి నిలబడినట్టు కనబడితే ఒళ్ళు జలదరించదూ!

ఈ విద్యకు ముందుతరం వాళ్ళు పడిన పాట్లు వింటే మన పని ఆటలాగా తోస్తుంది. అమెరికాలో ఆరిజోనా, కొలరాడో ప్రాంతాల ఎడారి లోయలలో ప్యూబ్లో జాతుల పూర్వులు కొండల నడుమ అరల్లో రాతి ఇళ్ళు కట్టుకుని, సుమారు ఏడు వందల ఏళ్ళ క్రిందట విడిచి వెళ్ళారు. వారి సంతతివారు ఇప్పటికీ ఉన్నారు. 1873లో తిమొతీ ఓసల్లివాన్ అనే ఆయన కాన్యన్ డి షే అనే లోయలోనూ, 1874లో విలియం హెన్రీ జాక్సన్ అనే ఆయన మాంకస్ లోయలోనూ ఆ ఇళ్ళను ఫోటోలు తీశారు. అప్పట్లో ఫిల్ములు లేవు. గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురు పోసి, చీకటి గుడారంలో వెండి ద్రావకంలో ముంచి, అది తడి ఆరకముందే ఫోటో తీసి, వెంటనే కడగాలి. ఎడారి గాలికి తడి ఎంతసేపుంటుంది? పైగా గాజు పలకలు, సీసాలు, గుడారం అన్నీ కంచరగాడిదల మీద మోసుకుపోవాలి. ఒక్క గాడిద కాలుజారితే నెల శ్రమ గంగపాలే. ఓసల్లివాన్ ఆ శిథిలాల దగ్గర మనుషులను నిలబెట్టి తీశాడు. చీమలంత ఉన్న ఆ మనుషులే ఆయన కొలతబద్ద!

వంద సంవత్సరాల తరవాత, 1970లలో, కొందరు ఫోటోగ్రాఫర్లు ఆ ఇద్దరూ అమెరికా పడమటి ప్రాంతాలలో కెమేరా పెట్టిన చోట్లు వెతికి పట్టుకుని, అక్కడే నిలబడి మళ్ళీ ఫోటోలు తీశారు. రెండూ పక్కపక్కన పెడితే ఏది మారిందో, ఏది మారలేదో తెలిసింది.

జ్వాలాపురంలో మారుతున్నది బొమ్మలే కాదు. ఆ టోబా బూడిదను గిన్నెలు తోమే పొడులలో కలపటానికి తవ్వి బళ్ళకెత్తారు. తవ్విన చోట నిలువుగా తెల్లటి గోడ కనబడుతుంది. ఇంకొంచెం తవ్వితే ఆ గోడ ఉండదు. డెబ్భై నాలుగువేల ఏళ్ళు చెక్కుచెదరనిది మన వంటింటి గిన్నెల కిందికి పోవటం నాకైతే కష్టంగానే ఉన్నది. తవ్వినవాళ్ళది కూలిబతుకు, వాళ్ళను తప్పు పట్టలేం.

మీ బడి వాళ్ళు యాగంటికి తీసుకుపోతే, చుట్టుపక్కల కొండల్లో ఏ పంచలోనైనా ఎర్ర గీత కనబడితే, దాన్ని తాకకుండా నాలుగడుగుల దూరాన నిలబడి ఫోటో తీయండి. ఒకటి దూరం నుంచి, పంచ అంతా కనబడేట్టు. ఒకటి దగ్గరనుంచి, పక్కన మీ స్కేలు కనబడేట్టు. నోటుబుక్కులో తేదీ, వేళ, ఊరి పేరు, ఏ బండ మీద నిలబడి తీశారో రాయండి. ఆ కొండ మీద ఇంకెవరూ పోల్చలేని పంచలు ఇంకా ఉన్నాయేమో, మేకలు కాసుకునే తాతను అడిగి చూడండి.