గోలీతో పాటు పొడి వేసుకోవచ్చా?

ప్రశ్న: మా అత్తమ్మ రోజూ పొద్దున షుగర్ గోలీ వేసుకుంటది. పక్కింటివాళ్లు చెప్పారని ఇప్పుడు మెంతులు, కాకర, నేరేడు గింజలు కలిపిన పొడి కూడా మింగుతున్నది. వంటింట్లో ఉండేవే కదా, ఏమైతది?
– ఒక పాఠకురాలు, జహనుమా

అడగాల్సిన ప్రశ్నే. పాతబస్తీలో గల్లీకో మందుల షాపు ఉంటుంది. మూలికలమ్మే పన్సారీ ఉంటాడు, చార్మినార్ పక్కనే ప్రభుత్వ యునానీ ఆసుపత్రి ఉంది. ఒకే మనిషి మూడు చోట్లకూ వెళ్తారు. ఒకచోట తీసుకున్నది ఇంకోచోట చెప్పరు. చిక్కు అక్కడే మొదలవుతుంది.

ముందుగా, ఆ పొడి పనిచేస్తుందా? కొంత పనిచేస్తుంది. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1990లో ప్రచురించిన అధ్యయనంలో టైప్ 1 షుగర్ ఉన్నవాళ్లకు నూనె తీసిన మెంతిపొడిని రోజుకు 100 గ్రాములు, రెండు పూటల భోజనంలో కలిపి పెట్టారు. మూత్రంలో పోయే చక్కెర సగానికి పైగా తగ్గింది. 100 గ్రాములంటే చెంచాడు కాదు, గిన్నెడు! ఎలా తగ్గిందంటారా? నానబెట్టిన మెంతులు జిగురుగా అవడం మీరు చూసే ఉంటారు. ఆ జిగురు పేగుల్లో అన్నాన్ని పట్టి ఉంచి, చక్కెరను నెమ్మదిగా నెత్తురులోకి వదులుతుంది.

ఇక గోలీ సంగతి. షుగర్ గోలీల్లో ఒకటైన మెట్‌ఫార్మిన్ ముఖ్యంగా కాలేయం అదనంగా చక్కెర తయారు చేయకుండా అడ్డుపడుతుంది. దాని మూలం కూడా ఐరోపాలో పెరిగే గలేగా అనే మొక్కలోని పదార్థమే. కాబట్టి ‘చెట్టు మందు ఏమీ చేయదు’ అనడానికి లేదు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు చక్కెర మరీ పడిపోవడం అరుదు. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటివి వేరు. ఇవి క్లోమగ్రంథిని తట్టి ఇన్సులిన్ వదిలిస్తాయి. నెత్తురులో చక్కెర ఇప్పటికే తక్కువగా ఉన్నా ఆగవు. అందుకే నేను మొదట అడిగేది, మీ అత్తమ్మ వేసుకునే గోలీ పేరేమిటని.

అత్త ఉప్పు వేసిన కూరలో కోడలు తెలియక మళ్లీ వేసినట్టే ఇదీ. డాక్టరు పొడి లెక్క లేకుండా గోలీ మోతాదు రాశాడు, పొడి ఇచ్చినవాళ్లకు గోలీ సంగతి తెలియదు. బ్రిటన్‌లో క్లోర్‌ప్రొపమైడ్ అనే షుగర్ మాత్ర వాడుతున్న ఒకామె విషయంలో కాకరకాయ కూర కూడా మందు ప్రభావానికి తోడైందని 1979లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. అది కూరే, పొడి కూడా కాదు.

చక్కెర 70 కంటే దిగితే చెమటలు, వణుకు, ఆకలి, గుండెదడ, తర్వాత తికమక. దీన్నే హైపోగ్లైసీమియా (చక్కెర బాగా పడిపోవడం) అంటారు. బీపీకి అటెనోలాల్ లాంటి గోలీ కూడా ఉంటే వణుకు, దడ బయటపడకపోవచ్చు. చెమటను మాత్రం గమనించండి. స్పృహలో ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పేరూ ఊరూ లేని డబ్బా పొడులతో నాకు ఇంకో భయం. సింగపూర్‌లో 2008లో చాటుగా అమ్మిన కొన్ని ‘శక్తి మాత్రల్లో’ గ్లిబెన్‌క్లమైడ్ బయటపడింది. మూలికలతో చేసినవని అమ్మినవీ వాటిలో ఉన్నాయి. షుగర్ లేనివాళ్లే స్పృహ తప్పారు, కొందరు చనిపోయారు. షుగర్‌ను నయం చేస్తామని ప్రకటనలివ్వడం మన దేశంలో 1954 నాటి చట్టం ప్రకారం నిషిద్ధం. కాబట్టి అలాంటి కాగితం అంటించి ఉన్న డబ్బా వైపు చూడకండి.

తాలింపులో మెంతులు, కాకరకాయ వేపుడు ఎప్పటిలాగే తినవచ్చు. పొడి మాత్రం ప్రస్తుతానికి ఆపించండి, గోలీ ఆపించకండి. ఈసారి డాక్టరు దగ్గరికి గోలీల చీటీతో పాటు పొడి డబ్బా కూడా తీసుకెళ్లండి. వేసుకోవచ్చంటే ఒక్కొక్కటిగా మొదలుపెట్టి, గ్లూకోమీటర్‌లో వచ్చిన అంకెలు రాసిపెట్టండి. చక్కెర దిగుతూ ఉంటే గోలీ మోతాదు తగ్గించాల్సింది ఆయనే.

మీ బస్తీలో రోజా ఉండేవాళ్లూ ఇది గమనించాలి. సహరీలో గ్లిమిపిరైడ్‌తో పాటు పొడి మింగి సాయంత్రం దాకా పస్తుంటే చక్కెర పడిపోయే అవకాశం ఎక్కువ. రంజాన్‌కు ముందే డాక్టరుకు చూపిస్తే మోతాదూ వేళలూ మారుస్తారు. చక్కెర 70 కంటే దిగితే, ఇఫ్తార్‌కు ఇంకా పది నిమిషాలే ఉన్నా, రోజా అప్పుడే విడవాలి.