వీడియోలకి గాదె ఎంత కావాలి?

చందానగర్‌లో ముంబై హైవే మీద హోరు ఎంతున్నా, లోపలి కాలనీల్లో మధ్యాహ్నం రెండు దాటితే కాస్త సద్దుమణుగుతుంది. పిల్లలు స్కూలు నుంచి, పెద్దలు ఆఫీసుల నుంచి ఇంకా తిరిగిరాని ఆ రెండు మూడు గంటలే చాలామంది ఇల్లాళ్లకి సొంత పని వేళ. ఒకప్పుడు ఆ వేళ కుట్టుమిషన్ చప్పుడు వినిపించేది. ఇప్పుడు మిషన్ పక్కన లాప్‌టాప్ కూడా చేరింది. వంటల వీడియోలు, బ్లౌజ్ కటింగ్ పాఠాలు, పిల్లలకి లెక్కల ట్యూషన్లు, శ్రీమంతాలకీ పుట్టినరోజులకీ చిన్న చిన్న ఫిల్ములు... ఇంట్లో కూర్చునే ఎడిటింగ్ చేసి నాలుగు డబ్బులు సంపాదించుకునే అవకాశం వచ్చింది.

ఈ దారి ఎంత దూరం వెళ్తుందో మన గంగవ్వను చూస్తే తెలుస్తుంది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 2012లో మొదలైన 'మై విలేజ్ షో' ఆవిడను తెలుగువాళ్లందరి ఇంటి మనిషిని చేసింది. గుంటూరు జిల్లా గుడివాడ గ్రామానికి చెందిన మస్తానమ్మ గారు వందేళ్లు దాటాక 'కంట్రీ ఫుడ్స్' ఛానెల్‌లో కట్టెల పొయ్యి మీద వండి ప్రపంచాన్ని ఆకట్టుకున్నారు. 2018 డిసెంబర్‌లో ఆవిడ కన్నుమూశారు. కానీ ఆ చేయి, ఆ మాట, ఆ నవ్వు వీడియోల్లో మిగిలే ఉన్నాయి.

అయితే వీడియో తీయడం ఒక ఎత్తు, దాన్ని ఎడిట్ చేసి, పాడవకుండా దాచుకోవడం ఇంకో ఎత్తు. లాప్‌టాప్ నత్తనడక నడుస్తోందనో, 'జాగా లేదు' అని మొండికేస్తోందనో విసుక్కునేవాళ్లు చాలామంది. అప్పుడు ఎవరో ఒకరు 'హార్డ్ డిస్కు మార్చండి' అంటారు. సరే... ఏది కొనాలి? ఎంత కొనాలి? కొట్టువాడు చెప్పిందే వేదమా?

గిర్రున తిరిగే పళ్లెం

పాతరకం హార్డ్ డిస్కు లోపల అద్దంలా మెరిసే పళ్లేలు ఉంటాయి. అవి గిర్రున తిరుగుతుంటే, గ్రామఫోన్ ముల్లులాంటి చిన్న చేయి పైనుంచి కదులుతూ సమాచారం చదువుతుంది. ముల్లు రికార్డుని తాకుతుంది, ఇది తాకదు. అంతే తేడా. ఈ పద్ధతిలో మొట్టమొదటి డిస్కును ఐబిఎం కంపెనీ 1956లో తెచ్చింది. 50 పళ్లేలు, టన్నుకు మించిన బరువు... తీరా అందులో పట్టేది 5 మెగాబైట్లే! ఇప్పుడు సెల్‌ఫోన్‌తో తీసిన ఒక మంచి ఫొటోకి సరిపోతుందంతే.

ఎస్‌ఎస్‌డి అనేది కొత్తరకం. ఇందులో తిరిగేదీ లేదు, కదిలేదీ లేదు. అన్నీ చిప్పులే. అందుకే చప్పుడు ఉండదు, చేయిజారినా పాత డిస్కులా తేలిగ్గా దెబ్బతినదు. ఈ చిప్పులు తయారుచేసే మైక్రాన్ కంపెనీ 2019లో మన హైదరాబాద్‌లోనే పెద్ద అభివృద్ధి కేంద్రం తెరిచింది.

వేగం అంకెలు చూసి మోసపోకండి

లాప్‌టాప్‌లో ఉండే పాత హార్డ్ డిస్కు సెకనుకు సుమారు 100 మెగాబైట్లు చదువుతుంది. సాటా రకం ఎస్‌ఎస్‌డి 500 పైచిలుకు. ఎన్‌విఎంఈ రకం అయితే మూడో తరానిది 3,500 వరకు, నాలుగో తరానిది 7,000 వరకు. ఈ అంకెలు చూడగానే అన్నిటికన్నా పెద్దదే కొనాలనిపిస్తుంది కదూ! ఒక్క నిమిషం ఆగి లెక్క వేద్దాం.

మంచి కెమెరాతో తీసిన 4కె వీడియో సాధారణంగా సెకనుకు 100 మెగాబిట్లు ఉంటుందనుకుందాం. బిట్లను 8తో భాగిస్తే బైట్లు. అంటే 12.5 మెగాబైట్లు. మూడు కెమెరాల వీడియోలు ఒకేసారి నడిపినా 40 మెగాబైట్లు దాటదు. మరి 100 చదవగల పాత డిస్కు ఎందుకు తడబడుతోంది?

అసలు సంగతి ఇక్కడే ఉంది. ఎడిటింగ్‌లో మనం వీడియోని మొదటినుంచి చివరిదాకా తిన్నగా చూడం. ఇక్కడో ముక్క, అక్కడో ముక్క, మధ్యలో పాట, పైన అక్షరాలు. ప్రతి ముక్కకీ ఆ చిన్న చేయి పళ్లెం మీద ఒకచోటి నుంచి ఇంకోచోటికి పరుగెత్తాలి. నిమిషానికి 5,400 చుట్లు తిరిగే డిస్కులో, కావాల్సిన చోటు చేతి కిందికి రావడానికే సగటున ఐదున్నర మిల్లీసెకన్లు పడుతుంది. చేయి కదిలే సమయం దానికి అదనం. ఇలా వందలసార్లు జరిగితే తెర మీద బొమ్మ ఆగిపోతుంది. ఎస్‌ఎస్‌డిలో ఈ వెతుకులాట దాదాపు ఉండదు.

కాబట్టి పాత డిస్కు నుంచి ఏ ఎస్‌ఎస్‌డికి మారినా తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. కానీ మూడో తరం నుంచి నాలుగో తరానికి మారితే ఇంట్లో చేసే ఎడిటింగ్‌లో పెద్దగా తెలియదు. ఆ మిగిలిన డబ్బుతో ఎక్కువ జాగా కొనుక్కోవడమే తెలివైన పని.

అన్నట్టు, తప్పంతా డిస్కుదే అనుకోకండి. ర్యామ్ 8 జీబీయే ఉంటే 4కె ఎడిటింగ్‌కి ఇబ్బందే. 16 ఉంటే నయం. ఫోన్లు తీసే హెచ్‌ఈవీసీ వీడియోలు తక్కువ జాగా తీసుకుంటాయి గానీ, వాటిని విప్పడానికి ప్రాసెసర్ బాగా కష్టపడాలి. ఇలాంటప్పుడు సాఫ్ట్‌వేర్‌లో 'ప్రాక్సీ' సదుపాయం వాడండి. చిన్న సైజు నకళ్ల మీద ఎడిటింగ్ చేసి, చివర్లో అసలు వీడియోతో బయటికి తీయవచ్చు. డావిన్సీ రిజాల్వ్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉచిత రకంలో కూడా ఇది ఉంది. ముందు ఇది చేసి చూడండి. కొత్త డిస్కు అవసరమే పడకపోవచ్చు!

ఎంత జాగా కావాలి?

బియ్యం కొనేముందు ఇంట్లో ఎంతమంది తింటారో చూసుకున్నట్టే, ఇక్కడా ఇంటిలెక్క వేసుకోవాలి. ఐఫోన్‌లో 4కె వీడియో సెకనుకు 30 ఫ్రేముల చొప్పున తీస్తే, నిమిషానికి హెచ్‌ఈవీసీలో 170 మెగాబైట్లు, పాత పద్ధతిలో 350 మెగాబైట్లు అవుతుంది. ఇతర ఫోన్లలో ఈ లెక్క కొంచెం అటూఇటుగా ఉంటుంది.

హుడా కాలనీలో ఒక గృహిణి వారానికి రెండు వంటల వీడియోలు చేస్తుందనుకుందాం. ఒక్కోదానికి షూటింగ్ 40 నిమిషాలు. పాత పద్ధతిలో అయితే ఒక వీడియోకి 14 జీబీ, వారానికి 28 జీబీ. ఏడాదికి దాదాపు 1,450 జీబీ, అంటే ఒకటిన్నర టెరాబైట్లు! హెచ్‌ఈవీసీలో తీస్తే 700 జీబీతో సరిపోతుంది. అదే పెళ్లి వీడియోలైతే గంటకి ఒక్కో కెమెరాకి 45 జీబీ. రెండు కెమెరాలు, ఆరేసి గంటలు... ఒక్క పెళ్లికే 540 జీబీ.

ఇదంతా లాప్‌టాప్‌లోనే కుక్కాలా? అక్కర్లేదు. వంటగట్టు మీద ఈపూట వంటకి కావాల్సినవే పెట్టుకుంటాం. ఏడాది సరుకు అటక మీద ఉంటుంది. ఎస్‌ఎస్‌డి మీ వంటగట్టు. యూఎస్‌బీకి తగిలించే పెద్ద హార్డ్ డిస్కు మీ అటక. ఇంట్లో ఛానెల్ నడుపుకునేవాళ్లకి లాప్‌టాప్‌లో 1 టెరాబైట్ ఎస్‌ఎస్‌డి, దానికి తోడు 2 నుంచి 4 టెరాబైట్ల బయటి డిస్కులు రెండు ఉంటే నిశ్చింత. 512 జీబీతో కూడా నడుస్తుంది. కాకపోతే ఒక పని అయిపోగానే దాన్ని అటకెక్కిస్తూ ఉండాలి. ఎస్‌ఎస్‌డిలో ఎప్పుడూ అయిదో వంతు ఖాళీ ఉంచండి. నిండుకుండ తొణకదంటారు గానీ, నిండిన ఎస్‌ఎస్‌డి మాత్రం నెమ్మదిస్తుంది.

1 టెరాబైట్ డిస్కు తగిలిస్తే విండోస్ 931 జీబీ అని చూపిస్తుంది. కంగారు పడొద్దు, కొట్టువాడు మోసం చేయలేదు. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కపెడితే, విండోస్ 1,024 చొప్పున లెక్కపెడుతుంది.

కొనేముందు ఇవి చూసుకోండి

* ముందుగా మీ లాప్‌టాప్ మోడల్ నంబరు కాగితం మీద రాసుకోండి. పాతవాటిలో రెండున్నర అంగుళాల సాటా డిస్కు ఉంటుంది. కొత్తవాటిలో బబుల్‌గమ్ పుల్లలా సన్నగా ఉండే ఎం.2 రకం. ఈ ఎం.2లోనే సాటా, ఎన్‌విఎంఈ అని రెండున్నాయి. చూడ్డానికి ఒకేలా ఉన్నా ఒకదాని చోట ఇంకోటి పనిచేయకపోవచ్చు.

* కొన్ని లాప్‌టాప్‌లలో డిస్కును బోర్డుకే అతికించేస్తారు. ఇప్పటి మాక్‌బుక్‌లు అలాంటివే. వాటిలో తర్వాత మార్చడం కుదరదు గనుక కొనేటప్పుడే ఎక్కువ జాగా ఉన్నది తీసుకోవాలి.

* ఎస్‌ఎస్‌డి డబ్బా మీదో, కంపెనీ వివరాల్లోనో 'టీబీడబ్ల్యూ' అనే అంకె ఉంటుంది. జీవితకాలంలో ఎన్ని టెరాబైట్లు రాయవచ్చో చెప్పే హామీ అది. టీఎల్‌సీ, క్యూఎల్‌సీ అని రెండు రకాలు దొరికితే టీఎల్‌సీయే మేలు. క్యూఎల్‌సీ చవక, కానీ పెద్ద ఫైళ్లు ఏకబిగిన ఎక్కిస్తే కాసేపటికి బాగా నెమ్మదిస్తుంది.

* బయటి డిస్కు కొంటే దానితో వచ్చిన కేబులే వాడండి. ఛార్జింగ్ కేబుల్ అమర్చితే వేగం పడిపోవచ్చు.

* '16 టెరాబైట్లు, కారుచవక' అనే ప్రకటనలు చూస్తే నమ్మకండి. పైకి పెద్ద అంకె చూపించి, లోపల చిన్న మెమరీ కార్డు పెట్టిన నకిలీలు చాలా తిరుగుతున్నాయి. నిండేదాకా బాగానే ఉన్నట్టుంటుంది. ఆ తర్వాత మీ వీడియోల మీదే కొత్తవి రాసేస్తుంది.

నాలుగు కొట్లు తిరిగి ధర కనుక్కోవాలనుకుంటే చందానగర్‌లో ఎంఎంటీఎస్ ఎక్కి జేమ్స్ స్ట్రీట్‌లో దిగండి. ప్యారడైజ్ దగ్గర పార్క్‌లేన్‌లో ఉన్న చెనాయ్ ట్రేడ్ సెంటర్ నిండా కంప్యూటర్ కొట్లే. బేరం ఎంత కుదిరినా సరే, సీరియల్ నంబరు వేసిన బిల్లు లేకుండా కదలొద్దు. వారంటీ మీ బిల్లులోనే ఉంటుంది, కొట్టువాడి నోటిమాటలో కాదు. ధరలు కూడా ఎప్పుడూ ఒకేలా ఉండవు. 2011లో థాయ్‌లాండ్‌లో వరదలొచ్చి ఫ్యాక్టరీలు మునిగిపోతే ప్రపంచమంతటా హార్డ్ డిస్కుల ధరలు భగ్గుమన్నాయి.

ఒక్క చోట దాస్తే దాచినట్టు కాదు

ఏ డిస్కయినా ఏదో ఒకరోజు పాడవుతుంది. ఇది శాపం కాదు, దాని స్వభావం. మీ వీడియో పోతే మళ్లీ తీసుకోవచ్చు. కానీ ఎవరో నమ్మి అప్పగించిన పెళ్లి మళ్లీ జరగదు. అమ్మమ్మ చేతి ఆవకాయ తీసిపెట్టుకున్నారనుకోండి, వచ్చే ఏడాది వీడియో మళ్లీ తీయడానికి అమ్మమ్మ ఉండొద్దూ!

అందుకే ఫొటోగ్రాఫర్లు పాటించే సూత్రం గుర్తుపెట్టుకోండి. మూడు నకళ్లు, రెండు రకాల వస్తువుల్లో, అందులో ఒకటి ఇంటి బయట. లాప్‌టాప్‌లో ఒకటి, బయటి డిస్కులో ఒకటి, మూడోది పుట్టింట్లోనో, అక్కయ్య ఇంట్లోనో ఉంచే రెండో డిస్కులో. రెండు చోట్లకి ఎక్కి, తెరిచి చూసుకున్నాకే ఫోన్‌లోంచి చెరిపేయండి. ఏళ్ల తరబడి దాచడానికి మాత్రం పాతరకం హార్డ్ డిస్కే మంచిది. కరెంటు తగలకుండా ఏళ్లకేళ్లు పడి ఉంటే ఎస్‌ఎస్‌డిలో సమాచారం చెదిరిపోయే ప్రమాదం ఉంది. పైగా పొరపాటున చెరిపేసిన ఫైలు పాత డిస్కులో తిరిగి దొరకవచ్చు. ఎస్‌ఎస్‌డిలో ఆ ఆశ చాలా తక్కువ.

ఇంకో ముఖ్యమైన మాట. పాత డిస్కును ఎక్స్ఛేంజీకి ఇచ్చేటప్పుడు ఊరికే 'డిలీట్' కొడితే చాలదు. పిల్లల ఫొటోలు, ఇంటి వీడియోలు, బ్యాంకు కాగితాలు అందులోంచి తిరిగి లాగవచ్చు. వీలైతే పాత డిస్కుని ఇంట్లోనే ఉంచేసుకోండి. రిపేరుకి ఇచ్చేటప్పుడు డిస్కు తీసి ఇవ్వడానికి ఒప్పుకుంటే ఇంకా మంచిది. ముందు జాగ్రత్తగా పాస్‌వర్డ్‌తో తాళం పడే బిట్‌లాకర్ లాంటి సదుపాయం పెట్టుకుని, దాని తాళంచెవి నంబరు విడిగా రాసి దాచుకోండి.

ఇది ఖర్చు కాదు, పెట్టుబడి

ఇంటి బడ్జెట్‌లో ఆడవాళ్ల పనిముట్టు ఎప్పుడూ చివరి వరుసలోనే ఉంటుంది. 'నీకెందుకంత డిస్కు, కాలక్షేపానికేగా' అనే మాట చాలా ఇళ్లలో వినిపించేదే. వాదనకి దిగకండి. ఒక నోటుపుస్తకం పెట్టి, నెలనెలా వీడియోల మీద ఎంత వచ్చింది, ఎన్ని గంటలు పట్టింది, లాప్‌టాప్ కోసం ఎన్ని గంటలు ఎదురుచూశారు అన్నీ రాయండి. మూడు నెలల తర్వాత ఆ పుస్తకమే మీ తరఫున మాట్లాడుతుంది. సంపాదన ఉన్న పనయితే బ్యాంకులో ముద్రా రుణం గురించీ అడగవచ్చు. 2015లో వచ్చిన ఈ పథకంలో 'శిశు' విభాగం కింద 50,000 రూపాయల వరకు హామీ లేకుండా ఇస్తారు.

డబ్బు ఒకేసారి కుదరకపోతే వరుస ఇదీ: ముందు బయటి డిస్కు ఒకటి, ఆ తర్వాత లాప్‌టాప్‌లో ఎస్‌ఎస్‌డి, ఆ పైన రెండో బయటి డిస్కు. వేగం కాస్త ఆలస్యంగా వచ్చినా నష్టం లేదు. ఉన్నదాన్ని కాపాడుకోవడం మాత్రం ఈరోజే మొదలుపెట్టండి.