‘లవ్‌లేస్’ (2013): రెండుసార్లు చెప్పిన కథ – సమ్మతి, సాక్ష్యం, స్వీయకథనం

వ్యాససంగ్రహం:
అమెరికా నీలిచిత్రాల పరిశ్రమలో బలవంతానికి గురైన లిండా బోర్మన్ జీవితం ఆధారంగా రూపొందిన చిత్రం ‘లవ్‌లేస్’. ఒకే కాలాన్ని రెండుసార్లు చెప్పే ఆ చిత్రకథన పద్ధతిని, ఆమె పేరిట వెలువడిన స్వీయకథనాలతోనూ, ఆమె సాక్ష్యంతో ముడిపడిన ఒక చట్టప్రయత్నంతోనూ కలిపి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. తెరపై కనిపించే నవ్వు సమ్మతికి రుజువు కాగలదా అన్నది ఇందులోని ప్రధాన ప్రశ్న.

కీలకపదాలు: జీవితచరిత్రాత్మక చిత్రం, స్వీయకథనం, సమ్మతి, సాక్ష్యం, దివ్యపరీక్ష, స్త్రీవాద విమర్శ.

ఉపోద్ఘాతం:
ఒక నీలిచిత్ర నటి జీవితాన్ని తెరకెక్కించే దర్శకునికి మామూలు జీవితచరిత్ర చిత్రాల్లో లేని చిక్కొకటి ఎదురవుతుంది. ప్రేక్షకుని మనసులో ఆమె బొమ్మ ముందే ముద్రపడి ఉంటుంది. ఆ బొమ్మలో ఆమె నవ్వుతూ ఉంటుంది. అది బలవంతపు నవ్వని చెప్పాలంటే ఆ బొమ్మను మళ్లీ చూపక తప్పదు; చూపితే పాత దోపిడీకి కొత్త టికెట్టు అమ్మినట్లవుతుంది. రాబ్ ఎప్‌స్టీన్, జెఫ్రీ ఫ్రీడ్‌మన్ దర్శకత్వంలో, ఆండీ బెలిన్ రచనతో వచ్చిన ‘లవ్‌లేస్’ ఈ చిక్కును కథననిర్మాణం ద్వారా దాటడానికి ప్రయత్నించింది. దర్శకులిద్దరూ ప్రధానంగా డాక్యుమెంటరీ రంగానికి చెందినవారు. సాక్ష్యం ఎవరు చెబుతున్నారు, ఎవరు వింటున్నారు అన్న పట్టింపు ఈ చిత్రంలో కనిపించడానికి అదొక కారణం కావచ్చు.

లిండా సూసన్ బోర్మన్ 1949 జనవరి 10న న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్‌లో జన్మించింది. తండ్రి పోలీసు ఉద్యోగి. కుటుంబం ఫ్లోరిడాకు తరలివెళ్లిన తర్వాత చక్ ట్రేనర్‌తో పరిచయం, పెళ్లి జరిగాయి. 1972లో జెరార్డ్ డామియానో తీసిన ‘డీప్ త్రోట్’ ఆమెను దేశమంతటా తెలిసిన పేరుగా మార్చింది. సుమారు 25,000 డాలర్ల ఖర్చుతో తయారైన ఆ చిత్రానికి ఆమెకు ముట్టజెప్పిన పారితోషికం 1,250 డాలర్లు. అదికూడా ట్రేనర్ చేతికే పోయిందని ఆమె చెప్పింది. వసూళ్లు 60 కోట్ల డాలర్లని తరచుగా వినిపించే అంకెను యథాతథంగా స్వీకరించలేం. నేరముఠాలతో సంబంధమున్నవారి చేతుల్లో, నగదు రూపంలో నడిచిన వ్యాపారమది.

ఒకే పేరు - నాలుగు పుస్తకాలు:
‘లిండా లవ్‌లేస్’ అన్న పేరు ఆమె పెట్టుకున్నది కాదు. చిత్రం కోసం పెట్టినది. ఆంగ్లసాహిత్యం చదివినవారికి ఇక్కడ ఒక యాదృచ్ఛిక వైపరీత్యం తోచకపోదు. శామ్యూల్ రిచర్డ్‌సన్ ‘క్లారిస్సా’ నవలలో కథానాయికను మోసగించి తీసుకుపోయి, బంధించి, చెరిచిన వాని ఇంటిపేరు కూడా లవ్‌లేసే.

ఈ పేరుతో 1974లో రెండు స్వీయకథనాలు వెలువడ్డాయి. అవి స్వేచ్ఛావిహారిణి అయిన ఒక ఆనందమూర్తిని చిత్రించాయి. 1980లో మైక్ మెక్‌గ్రేడీ సహరచయితగా ‘ఆర్డీల్’, 1986లో ‘అవుట్ ఆఫ్ బాండేజ్’ వచ్చాయి. తుపాకీ బెదిరింపులు, దెబ్బలు, నిర్బంధ వ్యభిచారం, ఎడతెగని నిఘా మధ్య తాను బతికానని ఈ రెండింటిలో ఆమె చెప్పింది. బలవంతం చేశానన్న మాటను ట్రేనర్ అంగీకరించలేదు. కవర్లపై పేరు ఒక్కటే. లోపలి ‘నేను’లు మాత్రం ఒకదాన్నొకటి కాదంటాయి. రచయిత, కథకుడు, కథానాయకుడు ఒకే పేరుగల ఒకే వ్యక్తి అన్న హామీ మీద ఆత్మకథ నిలబడుతుందని ఫిలిప్ లజ్యోన్ ప్రతిపాదించాడు. ఆ పేరే మరొకరి సొత్తైతే ఆ ఒప్పందం ఎవరితో కుదిరినట్లు? స్వీయచరిత్రలపై పనిచేసే పరిశోధకులు ఈ నాలుగు పుస్తకాలను ఒక వరుసలో పెట్టి చదవవలసిన అవసరం ఇక్కడే ఉంది.

తెలుగువారికి ఈ సందర్భంలో ‘ది డర్టీ పిక్చర్’ (2011) గుర్తుకు రావడం సహజం. ఏలూరు సమీపంలోని కొవ్వలిలో పుట్టిన సిల్క్ స్మిత జీవితం దానికి ప్రేరణ అని ప్రసిద్ధి. అయితే స్మిత పనిచేసింది ప్రధానస్రవంతి సినిమాల్లో గనుక పోలికను ఎక్కువ దూరం లాగకూడదు. ఇంతకంటె దగ్గరి ఉదాహరణ మలయాళంలో ఉంది. లైంగికవృత్తిలో ఉన్న నళిని జమీలా, 2005లో ఇతరుల సహాయంతో వెలువడిన తన ఆత్మకథతో తృప్తిపడక, దాన్ని తిరగరాసి మరో రూపంలో ప్రచురించారు. తన జీవితాన్ని కేవలం బాధితగాథగా చూడడానికి ఆమె ఒప్పుకోరు. లిండా వాదానికీ ఆమె వాదానికీ పొత్తు లేదు. తమ కథ తమ చేతుల్లో లేకుండా పోయిందన్న ఫిర్యాదు మాత్రం ఇద్దరిదీ.

రెండుసార్లు చెప్పిన కథ:
చిత్రం మొదటి భాగం 1974 నాటి పుస్తకాల స్వరంలో సాగుతుంది. ఎండలు, సంగీతం, ప్రేమ, చిత్రీకరణలో కేరింతలు, ప్రముఖుల విందులు. లిండాగా అమాండా సైఫ్రెడ్, ట్రేనర్‌గా పీటర్ సార్స్‌గార్డ్ నటించారు. సుమారు సగం గడిచాక కథ కొన్నేళ్లు ముందుకు దూకి, లిండాను అసత్యశోధన యంత్రం ముందు కూర్చోబెడుతుంది. అక్కడినుంచి అవే రోజులు మళ్లీ మొదలవుతాయి.

ఈ పునఃకథనంలో అత్యంత శక్తిమంతమైనది హోటల్ గది ఘట్టం. మొదటిసారి మనం గోడకు ఇవతల, చిత్రబృందంతో ఉంటాం. అవతలి గదిలోంచి వినిపించే చప్పుళ్లను వారు దంపతుల సరసంగా భావించి నవ్వుకుంటారు; మనమూ అలాగే అనుకుంటాం. రెండోసారి కెమెరా గోడ దాటుతుంది. అవి దెబ్బల చప్పుళ్లు. ప్రేక్షకుడు తాను కూడా ఇవతలి గదిలో నవ్వినవాడేనని అప్పుడు గుర్తిస్తాడు. దర్శకులు ఉపన్యాసం జోలికి పోలేదు. ధ్వని అదే, చూసే చోటు మాత్రమే మారింది.

మరో రెండు ఘట్టాలు గమనించదగినవి. కొన్నాళ్లు ఇక్కడ ఉంటానని లిండా పుట్టింటికి వస్తే తల్లి (షారన్ స్టోన్) ఆమెను భర్త దగ్గరికే తిప్పి పంపుతుంది. ఆ తల్లిలో క్రూరత్వం కనిపించదు. భార్యాధర్మం మీద నమ్మకం కనిపిస్తుంది. మన కథాసాహిత్యంలో ఈ తల్లి మనకు కొత్తదేమీ కాదు. ఇంకొకచోట, భర్తనుంచి తప్పించుకోబోతున్న లిండాకు వీధిలో పోలీసులు ఎదురవుతారు. రక్షించవలసినవాడు ఆమెను గుర్తుపట్టి సంతకం అడుగుతాడు. కీర్తి ఆమెను అందరికీ కనిపించేలా చేసింది గాని, ఆమె దుస్థితిని ఎవరికీ కనిపించనివ్వలేదు.

దివ్యం:
‘ఆర్డీల్’ అన్న శీర్షికకు ‘కఠిన పరీక్ష’ అన్న అర్థం సరిపోతుంది గాని, ఆ మాట మూలార్థం మన ధర్మశాస్త్ర పరిభాషలోని ‘దివ్యం’. లిఖితం, భుక్తి, సాక్షులు అనే మానుష ప్రమాణాలు లేనప్పుడే దివ్యాన్ని ఆశ్రయించాలని యాజ్ఞవల్క్యస్మృతి చెబుతుంది. తుల, అగ్ని, జలం, విషం, కోశం అని అవి అయిదు. దానికి మితాక్షర వ్యాఖ్యను అనుసరించి కేతన ‘విజ్ఞానేశ్వరీయము’ రచించిన సంగతి తెలుగు పరిశోధకులకు పరిచితమే.

లిండా పుస్తకాన్ని అచ్చువేయడానికి ముందు ప్రచురణకర్తలు ఆమెను అసత్యశోధన పరీక్షకు నిలబెట్టారు. మానుష ప్రమాణాలు ఉన్నాయి. అయితే అవన్నీ ఆమెకు వ్యతిరేకంగా ఉన్నాయి. లిఖితం ఉంది, 1974 నాటి పుస్తకాలు. సాక్షులున్నారు, గోడకు ఇవతల నవ్వినవారు. అన్నిటికీ మించి చలనచిత్రం ఉంది. అందువల్లనే ఆమె తులకు బదులు తీగలు చుట్టించుకుని కూర్చోవలసి వచ్చింది. చిత్రం తన రెండో కథనానికి ఈ యంత్రాన్నే ద్వారంగా ఎంచుకోవడం ఔచిత్యవంతం. అందులోనే ఒక బలహీనత కూడా ఉందని నా అభిప్రాయం. పరీక్ష నెగ్గిన తర్వాతనే ఆమె మాటను నమ్మమన్నట్లుగా చిత్రం కూడా ఆ లోకరీతికే తలవంచింది.

చట్టంలో అదే ప్రశ్న:
చిత్రం చేరని ఒక ముఖ్యమైన అధ్యాయం ఇది. 1983లో మినియాపొలిస్ నగర సభ జరిపిన విచారణలో లిండా సాక్ష్యమిచ్చింది. అక్కడ క్యాథరిన్ మెకినన్, ఆండ్రియా డ్వర్కిన్ రూపొందించిన శాసనం, అశ్లీలతను నీతిప్రశ్నగా కాక పౌరహక్కుల ఉల్లంఘనగా నిర్వచించింది. బలవంతంగా నటింపజేయబడినవారు దావా వేయవచ్చునంది. ఒప్పందంపై సంతకం చేయడం, డబ్బు పుచ్చుకోవడం, ప్రతిఘటించకపోవడం, ఉత్సాహంగా సహకరించినట్లు కనిపించడం - ఇవి వాటంతట అవే బలవంతం లేదనడానికి రుజువులు కావని స్పష్టంగా పేర్కొంది. హోటల్ గది ఘట్టం చెప్పినదానినే ఈ నిబంధన న్యాయభాషలో చెప్పింది.

మినియాపొలిస్ మేయర్ దాన్ని తిరస్కరించారు. ఇండియానాపొలిస్‌లో 1984లో ఆమోదించిన ఇటువంటి శాసనాన్ని 1985లో ఫెడరల్ అప్పీళ్ల న్యాయస్థానం భావప్రకటన స్వేచ్ఛకు విరుద్ధమని కొట్టివేసింది. 1986లో సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలబెట్టింది. ఏది అశ్లీలమో నిర్ణయించే అధికారం ప్రభుత్వానికి ఇస్తే అది చివరికి స్త్రీల రచనల మీదికే మళ్లుతుందని వాదించిన స్త్రీవాదులూ ఉన్నారు. ఆ భయాన్ని తేలిగ్గా తీసుకోలేం.

చిత్రం ఆగిన చోటు:
పుస్తకం వెలువడడం, టెలివిజన్‌లో లిండా మాట్లాడడం, తల్లిదండ్రులతో తిరిగి కలవడం - వీటితో చిత్రం ముగుస్తుంది. జీవితం అంత సవ్యంగా ముగియలేదు. పూర్వం కారు ప్రమాదం తర్వాత ఎక్కించిన రక్తం వల్ల సోకిన హెపటైటిస్ కారణంగా 1987లో ఆమెకు కాలేయ మార్పిడి జరిగింది. రెండో వివాహం విడాకులతో తెగిపోయింది. తన పక్షాన నిలిచిన ఉద్యమకారులు కూడా తనను వాడుకున్నారని చివరి సంవత్సరాల్లో ఆమె అంది. 2001లో ఒక శృంగార పత్రికకు ఛాయాచిత్రాలకు కూర్చుంది. ‘ఆర్డీల్’లో ఆమె చెప్పిన మాటలను ఇవేవీ రద్దు చేయవు, కాని రెండు కథనాల చట్రంలో ఇమడవు. మూడో కథనానికి చిత్రంలో చోటు లేకపోయింది.

మరో కారు ప్రమాదంలో గాయపడి, 2002 ఏప్రిల్ 22న డెన్వర్‌లో, 53వ ఏట ఆమె మరణించింది. అప్పటికి ఆమె పుట్టింటిపేరు బోర్మన్‌కే తిరిగివచ్చి ఉంది.